నత్తరాళ్ళూ ప్రభుబల్లా

మా ఇంట్లో రాతి దేవుళ్ళు ఉండేవని తర్లుపాడు దాకా ఒక మాట పాకింది. ఇప్పటికీ బస్సులో కొత్తవాళ్ళు పక్కన కూర్చుని, నాది ఏ ఊరో తెలియగానే, "ఆ రాళ్ళ ముసలామె మీ ఊరేనా?" అని అడుగుతారు. నేనే అని చెప్తాను. చెప్పాక వాళ్ళు కాస్త పక్కకు జరుగుతారు. అవి దేవుళ్ళు కావు, దయ్యాలూ కావు. సముద్రంలో బతికి చచ్చిన జీవాలు. నోటితో చెప్తే ఎవరూ వినలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. రాతలో వంకరలుంటే ఉండనీయండి.

నేను పెరిగింది పలకల పనిలో. మార్కాపురం చుట్టుపక్కల గనుల నుంచి వచ్చే రాయిని ఉలి పెట్టి పొరలుగా చీల్చే పని. అంచున ఉలి ఆనించి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోతే లోపల ఎక్కడో చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడు విన్నాక ఇంక గట్టిగా కొట్టకూడదు. వేళ్ళు దూర్చి తెరవాలి. పెళ్ళికి ముందు మొదలుపెట్టి జుట్టు నెరిసేదాకా అదే పని. ఎన్ని రాళ్ళు తెరిచానో నాకే తెలియదు. ఒక్కదానిలోనూ ఏమీ లేదు. ఎప్పుడో నీళ్ళు కదిలిన గీతలుంటాయి. అక్కడక్కడ పసుపుగా మెరిసే గింజలుంటాయి. బంగారమేమోనని కొత్తగా పనికొచ్చిన ఆడపిల్లలు కొంగున ముడేసుకుని, నవ్వులపాలై, విసిరేసేవాళ్ళు. అంతే. నున్నగా, నల్లగా, ఖాళీగా ఉండేది రాయి. దాని మీద రాసుకునే పిల్లలు ఎక్కడి పిల్లలో. మేం తెరిచి ఇచ్చేవాళ్ళం.

పలకల గిరాకీ పడిపోయి, ఫ్యాక్టరీల్లో సగం మందికి పని లేకుండా పోయాక, ఒక మేస్త్రి మమ్మల్ని అరవదేశం తీసుకుపోయాడు. అరియలూరు వైపు సున్నపురాయి గనులు. యంత్రాలు తవ్వి పోసిన మట్టిలోంచి రాయి ఏరి కుప్ప వేయడం మా ఆడవాళ్ళ పని. మా ఆయన టిప్పర్ల దగ్గర ఉండేవాడు. అప్పటికే మాకిద్దరికీ పెద్ద వయసు. కొడుక్కి పెళ్ళయింది. అయినా పోయాం. ఇంటి దగ్గర కూర్చుంటే పెట్టేదెవరు?

ఒకరోజు వాన కురిసి వెలిసింది. మట్టి గుట్ట మీద నీళ్ళు జారి రాళ్ళు కడిగినట్టు బయటపడ్డాయి. అందులో ఒకటి గుండ్రంగా, చుట్ట చుట్టుకుని ఉంది. మెలిక మెలికకీ సన్నని గట్లు. పామేమోనని ముందు చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తర్వాత తీసి నీళ్ళలో కడిగాను. రాయే. కానీ ఏ ఉలీ అట్లా చెక్కలేదు. ఉలి పని నాకు తెలుసు.

మా ఆయన చూసి, "ఏందే అది?" అన్నాడు.

"నత్త."

"కూలికి రమ్మంటే కూరకు ఏరుకుంటుండావా?"

"రాయి అయిపోయింది. ఉడకదు."

"నువ్వు వండినదేదీ ఉడకదులే, దీన్నెందుకు అంటావు" అని ఆ నత్తరాయిని తిప్పి తిప్పి చూశాడు. చూసి, పారేయమని అనలేదు. నా చేతికే ఇచ్చాడు.

ఆ తర్వాత నా కళ్ళు అవే వెతికేవి. సద్ది గిన్నె ఖాళీ కాగానే అందులో వేసుకునేదాన్ని. రూపాయి బిళ్ళంతవి, అరచెయ్యంతవి. కొన్ని విరిగినవి. తోటి ఆడవాళ్ళు నాకు మతి చలించిందన్నారు. అనుకోనీ. వాళ్ళు ఎదురుగా నవ్వినా, వాళ్ళకు దొరికినవి నా దగ్గరికే తెచ్చేవాళ్ళు.

ఒకసారి మద్రాసు కాలేజీ నుంచి పిల్లలు వచ్చారు, చిన్న సుత్తులు పట్టుకుని. అందులో ఒక అమ్మాయి నెల్లూరు వైపుది. నేను మా ఆయనను తిడుతుంటే తెలుగు విని పరుగెత్తుకొచ్చింది. నా గిన్నెలో చూసి నోరు తెరిచింది. దీన్ని అమ్మోనైట్ అంటారని చెప్పింది. నత్త కాదంట, నత్తలా కనిపిస్తుందంట. ఈ నేలంతా ఒకప్పుడు సముద్రమంట. ఈ జీవి లోపల గదులు గదులుగా గుల్ల కట్టుకునేది. ఒళ్ళు పెరిగే కొద్దీ ముందుకు జరిగి, వెనక గది మూసేసి, కొత్తది కట్టుకునేది. ఎప్పుడూ చివరి గదిలోనే ఉండేది. మూసేసిన గదులన్నీ గాలితో తేలిక చేసుకుని నీళ్ళలో తేలేది. విరిగిన దాన్ని ఎండకు పట్టి ఆ గదుల గోడలు చూపించింది. నిజంగానే ఉన్నాయి. ఎంత పొందికగా ఉన్నాయో!

"మరి మా పలకరాయిలో ఇవి ఎందుకు లేవు తల్లీ?" అని అడిగాను.

"మీ రాయి ఇంకా చాలా పాతదమ్మా. అదీ నీళ్ళ అడుగున పేరుకున్న బురదే. కానీ అప్పటికి గుల్ల కట్టుకునే జీవులు పుట్టలేదు."

ఆ మాట నన్ను కుదిపింది. జన్మంతా నేను తెరిచింది ఎవరూ కాపురం పెట్టని ఇల్లన్నమాట. ముసలితనంలో, పరాయి దేశం మట్టిలో, మనుషులున్న ఇల్లు దొరికినట్టు అనిపించింది. వాటిని ఎందుకు అట్టిపెట్టుకున్నావని తర్వాత అందరూ అడిగారు. ఇందుకే. నాకు ఇంతకంటే వేరే కారణం లేదు. కావాలని కూడా అనుకోలేదు.

పెద్దది మా ఆయనకు దొరికింది. రొట్టెల పెనం కంటే వెడల్పు. అది దొరికిన రోజు ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. ఊరికి తిరిగొచ్చేటప్పుడు గోనెసంచిలో చుట్టి భుజాన పెట్టుకున్నాడు. గుంటూరులో బండి మారేటప్పుడు కూడా నా చేతికి ఇవ్వలేదు. బండిలో ఒకాయన, "తిరగలి రాయా పెద్దాయనా?" అని అడిగాడు.

"అవును. మా ఆడామె నోరు సరిపోక ఇది గూడా కొనిచ్చినా, తిప్పుకుంటదని" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక చిన్నవాటిని గోడ గూటిలో వరసగా పెట్టాను. పెద్దదాన్ని గుమ్మం లోపల గోడకు ఆనించాం. మరుసటేడు ఆయన పోయాడు. దగ్గుతో పోయాడు. పలకల దుమ్ము పీల్చినవాళ్ళు ఎట్లా పోతారో అట్లానే పోయాడు. తర్వాత ఊళ్ళో కొందరు ఆ రాళ్ళు తెచ్చినందుకే పోయాడన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో దగ్గి పోయినవాళ్ళు ఏ రాళ్ళు తెచ్చారో చెప్పమంటే నోరు మూసుకున్నారు.

మా పక్కింటివాళ్ళు గొర్రెలు మేపుకునేవాళ్ళు. ఆమె నాకు వదిన వరస. వాళ్ళాయనకు మోకాళ్ళు కట్టెల్లా బిగుసుకుపోయాయి. మా బోరు నీళ్ళు తాగితే ఎవరికైనా అంతే, ముందూ వెనకా. ఆమె ఒక పొద్దున చెంబు పట్టుకొచ్చింది.

"వదినా, ఆ చక్రం మీద ఇన్ని నీళ్ళు పోసి ఇయ్యి. మీ అన్నకు తాపిస్తా."

"అది చక్రం గాదు వదినా. సముద్రపు పురుగు."

"నీకేం తెల్సు. నీ దేవుడు వేరే. అది సాలగ్రామం. మా పుట్టింటి కాడ అయ్యవారి ఇంట్లో ఇట్లాంటిదే ఉండాది. దాన్ని కడిగిన నీళ్ళే తీర్థం."

"పురుగును కడిగిన నీళ్ళు తాపిస్తావా మొగుడికి?"

"నీ సొమ్మేం పోయింది? పొయ్యి."

పోశాను. పక్కింటామె నీళ్ళడిగితే పోయనని ఎట్లా అంటాను? నా మోకాళ్ళకే ఆ నొప్పి తెలుసు. వారం రోజులు తాగించింది. ఆయనకు జలుబు చేసింది కానీ మోకాళ్ళు వంగలేదు. "మంచిదే గానీ, కిరస్తానపు ఇంట్లో ఉంటే దానికి శక్తి యాడుంటది" అని ఆమె నా ఎదుటే అంది. నేను కోపగించుకోలేదు. ఆమె లోపల ఒకటి పెట్టుకుని బయట ఒకటి చెప్పే మనిషి కాదు.

అయితే ఆమె నోరు ఊరుకోలేదు. గొర్రెల వెంట పోయినచోటల్లా చెప్పింది. పక్క ఊళ్ళ నుంచి జనం రావడం మొదలుపెట్టారు. నేను కూలికి పోయినప్పుడు గుమ్మం ముందు నిమ్మకాయలు పెట్టి పోయేవాళ్ళు. పెద్దరాయికి ఎవరో కుంకుమ పూశారు. కడిగాను. మళ్ళీ పూశారు. మళ్ళీ కడిగాను. నిమ్మకాయలు మాత్రం ఊరగాయ పెట్టాను. మొక్కిన కాయలు తిన్నానని సంఘంలో అదీ ఒక నేరమయింది తర్వాత.

మా ఇల్లు సంఘానికి, అంటే మా చర్చికి, పోయే దారిలో ఉంది. ఆదివారం ఆరాధనకు పోయేవాళ్ళందరూ ఆ కుంకుమ చూస్తూ పోయేవాళ్ళు.

ఇక్కడ మా సంఘం సంగతి చెప్పాలి. నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభుబల్ల ఉంటుంది. రొట్టె ముక్క, ద్రాక్షరసం. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే ముడతారు. తాగి గొడవ చేసినా, జాతరకు పోయి మొక్కినా ఆ మనిషిని బల్లకు దూరం పెడతారు. మనిషి వరసలో కూర్చునే ఉంటాడు, పళ్ళెం అతన్ని దాటిపోతుంది. మా వాడలో అంతకంటే పెద్ద శిక్ష లేదు. నేను పలకల పనికి పోయే రోజుల్లో టీ దుకాణంలో మా గ్లాసులు వేరే ఉండేవి, చూరులో బోర్లించి. మేమే తీసుకోవాలి, మేమే కడగాలి. ఒకరి తర్వాత ఒకరు అదే గిన్నె అందుకుని తాగడం నేను మొదట చూసింది బల్ల దగ్గరే. అక్షరాలు నేర్పింది కూడా ఆ సంఘంలో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలమ్మే. కాబట్టి బల్ల అంటే నాకు ఏందో, దాన్ని పోగొట్టుకోవడమంటే ఏందో, ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.

అయ్యగారు ఇంటికి వచ్చాడు. పాస్టరును మేం అయ్యగారనే అంటాం. గిద్దలూరు వైపు మనిషి, చిన్నవయసు, మంచిగానే మాట్లాడతాడు.

"అమ్మా, గుమ్మంలో కుంకుమ ఉందంట."

"ఉంది అయ్యగారూ. నేను పూయలా. కడుగుతానే ఉండా."

"రాళ్ళు తీసేస్తే కడిగే పని ఉండదు గదా."

"పూసేవాళ్ళను వదిలి రాళ్ళనంటే ఎట్ల?"

ఆలోచించుకోమని చెప్పి ప్రార్థన చేసి పోయాడు.

ఇంతలో మార్కాపురం నుంచి ఒక షావుకారు కారులో వచ్చాడు, పూజారిని వెంటబెట్టుకుని. నిజమైన సాలగ్రామమే అయితే మాలాంటి వాళ్ళింట్లో ఉండకూడదంట, తన ఇంటికి తీసుకుపోతాడంట. లోపలికి రమ్మన్నాను.

"లోపలికెందుకులేమ్మా. దాన్నే బయటికి తీసుకరా."

వీధిలో స్టూలు వేయించారు. పెద్దరాయిని నేనూ మా కోడలూ మోసుకొచ్చి పెట్టాం. పూజారి నీళ్ళు చల్లాడు, ఏదో గొణిగాడు, వేలితో మెలికలన్నీ తడిమాడు. చివరికి, "ఇది సాలగ్రామం గాదు. అదైతే నల్లగా ఉంటది, నోరుంటది, నోట్లో చక్రముంటది. ఇది ఉత్త సున్నపురాయి" అన్నాడు.

షావుకారుకు మనసొప్పలేదు. "గట్టిగా చూడు స్వామీ. ఇంత దూరమొచ్చినాం."

"గట్టిగా చూస్తే దేవుడవుతాడా?" అన్నాడు పూజారి. కారులోంచి సీసా తీసి చేతులు కడుక్కున్నాడు. పోయారు.

వాళ్ళు వీధిలో నిలబడినందుకు నాకు ఒళ్ళు మండింది. కానీ పూజారి అన్న మాట మాత్రం పండగలా అనిపించింది. వాళ్ళ దేవుడు కాదని వాళ్ళ పూజారే తేల్చాడు. ఇంక అయ్యగారికి అభ్యంతరమేముంటుంది? చీర కూడా మార్చుకోకుండా అయ్యగారి దగ్గరికి పోయాను. ఆయన, ఇద్దరు సంఘ పెద్దలు కూర్చుని ఉన్నారు.

"అయ్యగారూ, ఇంక బాధ లేదు. అవి దేవుడు గాదని పూజారే చెప్పినాడు."

నవ్వుతాడనుకున్నాను.

"ఎవరు?"

"పూజారి."

"మీ ఇంటికి పూజారి వచ్చినాడా?"

"ఇంట్లోకి రాలా. వీధిలోనే ఉన్నాడు."

"నీళ్ళు చల్లినాడా?"

"చల్లినాడు."

"మంత్రం చదివినాడా?"

"గొణిగినాడు. మంత్రమో, ఎండకు తిట్టుకున్నాడో నాకేం తెల్సు?"

పెద్దల్లో ఒకాయన, నాకు మరిది వరసవాడు, ముందుకు వంగాడు. "అంటే వదినా, ఆయన దేవుడే అనుంటే నువ్వు మొక్కుతుంటివా?"

"నేనట్ల అన్నానా?"

"అంతే గదా దాని అర్థం. దేవుడో కాదో తేల్చేదానికి పూజారి ముందర పెట్టినావు. మన కాడ అడిగేవాళ్ళు లేరా?"

"నేను పిలవలా. వాళ్ళే వచ్చినారు."

"వస్తే రాయి ఎవరు మోసినారు బయటికి?"

నేనే మోశాను. సముద్రంలో పాకే జీవాలను, ఈదే జీవాలను దేవుడే చేశాడని మీరే చదివి వినిపిస్తారు కదా, ఇవి కూడా ఆయన చేసినవే కదా అని అయ్యగారిని అడిగాను.

"చేసినాడు. గూట్లో పెట్టుకోమని చెప్పలేదు" అన్నాడు.

తీర్పు అప్పుడే చెప్పేశారు. అందరి ఎదుటా రాళ్ళు తీసేయాలి. తీసేసేదాకా బల్ల లేదు.

తీసేయలేదు. ఆ నెల పళ్ళెం నన్ను దాటి పోయింది. నా పక్కన కూర్చున్నామె నన్ను తాకకుండా చెయ్యి చాచి అందుకుంది. మరుసటి నెలా అంతే. ఇంటికొచ్చి రాళ్ళకేసి చూశాను. వాటి మీద నాకు కోపం రాలేదు. వస్తే బాగుండు, తీసి పారేసి సుఖంగా ఉండేదాన్ని. ఒక ముక్క రొట్టె కోసం, లేనిదాన్ని ఉందని, పురుగును దేవుడని ఒప్పుకోవాలా? తీసేస్తే నేను ఇంతకాలం మొక్కానని ఒప్పుకున్నట్టే కదా. మొక్కలేదు. మొక్కని దానికి తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు.

నా కంటే ఎక్కువ నలిగింది మా వాడు. తర్లుపాడుకూ మార్కాపురానికీ మధ్య ఆటో తోలతాడు. సంఘ పెద్దల్లో అందరికంటే చిన్నవాడు. ఆ పేరు వాడికి కొత్త, దాని మీద మోజు ఎక్కువ.

"అమ్మా, నలుగురిలో తలెత్తుకోలేకుండా ఉండా."

"ఎత్తుకోరా. మెడ నొప్పా?"

"నీకు నాకంటే రాళ్ళెక్కువైనాయి."

"మీ నాయన భుజం పుండయ్యేదాకా మోసినాడు దాన్ని."

"నాయన పోయినాడు. నేనుండా."

నేను లేచి గూట్లో రాళ్ళ మీది దుమ్ము తుడిచాను. వాడికి బదులివ్వాల్సింది. ఏం ఇవ్వాలో ఇప్పటికీ తెలియదు.

అప్పుడే కొత్త మందిరం కట్టడం మొదలయింది. పునాదులు లేచాయి. బేస్‌మెంట్ నింపడానికి మట్టి, రాళ్ళు, పాత ఇళ్ళ ఇటుక ముక్కలు, ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చి పోస్తున్నారు. నేను మిరపకాయల కోతకు పోయి వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. గోడ దగ్గర పెద్దరాయి ఆనిన చోట గుండ్రంగా మరక ఉంది. కోడలు వంటింట్లోంచి బయటికి రాలేదు. మా వాడు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"యాడ పెట్టినావురా?"

"బేస్‌మెంట్‌లో పోసినామమ్మా. ఇంకడగొద్దు."

"పెద్దదాన్ని?"

వాడు నేల చూశాడు. "అట్లనే పోస్తే ఎత్తు వస్తుందన్నారు. పగలగొట్టినాం."

"ఎవరు కొట్టినారు?"

"నేనే."

దయ్యపు రాళ్ళని మనిషిని దూరం పెట్టినవాళ్ళు వాటిని మందిరం కింద ఎట్లా పోశారని నన్ను అడగవద్దు. ఊరికే వచ్చిన కంకర, పోశారు. నేను పోయి చూశాను. అప్పటికే పైన మట్టి పరిచి నీళ్ళు కొట్టారు.

ఆ ఆదివారం బల్ల. సాక్ష్యాలు చెప్పే వేళ అయ్యగారు లేచి, మన సహోదరి ఇంట్లోంచి అన్యమైనవన్నీ తొలగించుకుంది, ప్రభువుకు స్తోత్రం అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. కొందరు ఆడవాళ్ళు నా వైపు తిరిగి నవ్వారు. నిజంగానే సంతోషపడ్డారు. అది నాకు ఇంకా కష్టమయింది.

నేను లేచి నిలబడ్డాను.

"నేను తీయలా అయ్యగారూ. నేను పనికి పోయినప్పుడు నా కొడుకు ఎత్తకపోయినాడు. ఉంటే ఈ పొద్దుగూడా నా ఇంట్లోనే ఉండేటివి."

అయ్యగారు పాటల పుస్తకం తెరుస్తూ, "పోయినాయి గదమ్మా. అదే చాలు. కూర్చో" అన్నాడు. పాట అందుకున్నారు.

పాట అయిపోయాక పెద్దలు పళ్ళేలు పట్టుకుని వరసల్లోకి వచ్చారు. మా వరసకు మా వాడే వచ్చాడు. నా ముందు ఆగి పళ్ళెం కిందికి దించాడు. వాడి చేతి వేళ్ళ మీద సుత్తి జారిన గాయం ఇంకా మానలేదు.

"తీసుకోమ్మా" అన్నాడు మెల్లగా.

నాకు ఆకలిగా ఉంది. అన్నం ఆకలి కాదు. ఆ నెలలన్నీ పళ్ళెం దాటిపోయినప్పుడల్లా నేను దేనికోసం చూశానో అది నా ముందే ఉంది. చెయ్యి చాస్తే నేను తప్పు చేశాననీ, దాన్ని వాడు సరి చేశాడనీ అయిపోతుంది. చాచలేదు. వాడు ఇంకోసారి "అమ్మా" అన్నాడు. నేను తల పక్కకు తిప్పుకున్నాను. వాడు పక్కామె దగ్గరికి జరిగాడు.

ఇప్పుడు కొత్త మందిరంలోనే ఆరాధన. నేలకు టైల్సు వేశారు, చల్లగా ఉంటుంది. ప్రతి ఆదివారం పోతాను. పాటలు పాడతాను. వాక్యం సొంతంగా చదువుకుంటాను. మొదటి ఆదివారం పళ్ళేలు తిరుగుతాయి. నన్నెవరూ దూరం పెట్టలేదు ఇప్పుడు, తీసుకోనిది నేనే. మొదట్లో మా వాడు నా ముందు ఆగేవాడు. ఈ మధ్య ఆగడం మానేశాడు.